గోదావరిఖని బొగ్గు – ప్రపంచీకరణ: ఆర్థిక, పర్యావరణ ప్రభావాలపై ఒక ప్రాంతీయ అధ్యయనం

12.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• సరళీకరణ, ప్రైవేటీకరణ, ప్రపంచీకరణల మధ్య తేడాను ఒక ప్రాంతం ఉదాహరణతో వివరించగలుగుతారు.
• సింగరేణి చరిత్రలో విదేశీ పెట్టుబడి, రుణం, సాంకేతికత పోషించిన పాత్రను గుర్తించగలుగుతారు.
• 1991 తరువాత గోదావరిఖనిలో ఉపాధి, ఉత్పత్తి, పర్యావరణం ఎలా మారాయో విశ్లేషించగలుగుతారు.
• బొగ్గు ప్రాంతాల భవిష్యత్తు గురించి ఆధారాలతో మీ అభిప్రాయం చెప్పగలుగుతారు.

12.1 పరిచయం

ప్రపంచీకరణ అనగానే మనకు సాఫ్ట్‌వేర్ కంపెనీలు, విదేశీ వస్తువులు, అమెరికా వీసాలు గుర్తుకువస్తాయి. బొగ్గు బాయి గుర్తుకు రాదు. గోదావరిఖనిలో తవ్విన బొగ్గు ఎక్కువగా పక్కనే ఉన్న విద్యుత్ కేంద్రాలకూ, దక్షిణాది, మహారాష్ట్రల్లోని పరిశ్రమలకూ వెళుతుంది. దానిని తవ్వే సింగరేణి ప్రభుత్వ సంస్థ. అందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉంది. ఆ సంస్థను ఎవరూ కొనలేదు, ఎవరూ అమ్మలేదు.

అయినా గత మూడున్నర దశాబ్దాల్లో ఇక్కడి పని మారింది, పనివారి సంఖ్య మారింది, నేల రూపమే మారింది. సరుకు సరిహద్దు దాటకుండా, సంస్థ ప్రైవేటు చేతుల్లోకి పోకుండా ఇంత మార్పు ఎలా వచ్చింది? ఈ పాఠంలో మనం జవాబు వెతకబోయే ప్రశ్న ఇదే.

ముందుగా మూడు పదాలను వేరుచేసి చూద్దాం. ధరలు, లైసెన్సులు, దిగుమతులపై ప్రభుత్వ నియంత్రణను సడలించడం సరళీకరణ. ప్రభుత్వ ఆస్తినో, ప్రభుత్వం చేసే పనినో ప్రైవేటు వారికి అప్పగించడం ప్రైవేటీకరణ. పెట్టుబడి, సరుకు, సాంకేతికత, నియమాలు దేశాల ఎల్లలు దాటి ఒకచోటి జీవితాన్ని మరొకచోటి నిర్ణయాలతో ముడివేయడం ప్రపంచీకరణ. ఈ మూడూ కలిసి రావచ్చు, విడివిడిగానూ రావచ్చు.

పాఠం చదువుతున్నంతసేపూ ప్రతి దశ దగ్గర మూడు ప్రశ్నలు వేసుకోండి. నిర్ణయం ఎక్కడ జరిగింది? రాబడి ఎవరికి చేరింది? భారం ఎవరి మీద పడింది?

12.2 లండన్ పెట్టుబడి నుంచి ప్రభుత్వ సంస్థ వరకు

భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను కనుగొన్నాడు. 1886లో లండన్‌లో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి నిజాం రాజ్యంలో ఖనిజాలు తవ్వే హక్కులు లభించాయి. ఈ కంపెనీ వాటాలు లండన్ మార్కెట్లో అమ్ముడుపోయిన తీరు పెద్ద వివాదమైంది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు కామన్స్ సభ దానిపై విచారణకు ఒక కమిటీని నియమించింది. 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఇల్లందులో గనిపని ఊపందుకోకముందే ఆ బొగ్గు పేరు మీద లండన్‌లో వాటాల వ్యాపారం జరిగింది. నిజాం రైల్వేను నడిపిన కంపెనీ కూడా లండన్‌లో నమోదైనదే. ఆ రైళ్లకు బొగ్గు కావాలి. ఆ బొగ్గు బయటకు పోవడానికి ఆ రైళ్లే కావాలి. కాబట్టి తెలంగాణ బొగ్గుకు ప్రపంచంతో సంబంధం 1991లో ఏర్పడిందనుకోవడం పొరపాటు. వలసపాలన కాలపు ప్రపంచ పెట్టుబడిలోనే ఈ పరిశ్రమ పుట్టింది.

1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడి పాత కంపెనీ ఆస్తులను, అప్పులను స్వీకరించింది. 1945లో నిజాం ప్రభుత్వం అందులో అత్యధిక వాటాలను కొన్నది. ఆ తరువాత సంస్థ హైదరాబాద్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ప్రభుత్వాల అధీనంలో నడిచింది. 1960 నుంచి కేంద్రం కూడా భాగస్వామి అయింది. అంటే దేశంలో బొగ్గు గనుల జాతీయీకరణ 1970 దశకంలో జరగడానికి చాలా ముందే సింగరేణి ప్రభుత్వ సంస్థగా మారింది. నిర్ణయాధికారం లండన్ నుంచి హైదరాబాద్‌కు, ఢిల్లీకి వచ్చింది.

12.3 రామగుండం: స్వదేశీ బొగ్గు, విదేశీ రుణం

రామగుండం బొగ్గు క్షేత్రంలో తవ్వకాలు 1960 దశకం నాటికి విస్తరించాయి. నది పేరునూ గని పేరునూ కలుపుకొని గోదావరిఖని పట్టణం పెరిగింది. చుట్టుపక్కల పల్లెల నుంచి, ఇతర జిల్లాల నుంచి రైతుకూలీలు, చేతివృత్తులవారు ఇక్కడికి వచ్చి కార్మికులయ్యారు. తట్ట, చెమ్మస్ పట్టి బొగ్గు ఎత్తిన కోల్ ఫిల్లర్ల కష్టం మీద ఈ ఊరు నిలబడింది.

ఈ కాలాన్ని మనం సాధారణంగా స్వావలంబన యుగం అంటాం. అయితే అప్పుడు కూడా తలుపులు పూర్తిగా మూసి లేవు. 1971లో పని ప్రారంభించిన 62.5 మెగావాట్ల రామగుండం బి విద్యుత్ కేంద్రం అమెరికా సహకారంతో నిర్మించినది. జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ, అంటే ఎన్టీపీసీ, రామగుండంలో భారీ కేంద్రాన్ని కట్టడానికి ప్రపంచ బ్యాంకు రుణం అందింది. 1983లో దాని మొదటి యూనిట్ పనిచేయసాగింది. 2004 నాటికి సామర్థ్యం 2,600 మెగావాట్లకు చేరింది. ఇక్కడి కరెంటు దక్షిణాది రాష్ట్రాలన్నింటికీ వెళ్లింది. 1989లో ఫ్రెంచి సాంకేతికతతో బ్లాస్టింగ్ గ్యాలరీ పద్ధతి గోదావరిఖని గనుల్లోకి వచ్చింది.

అయితే ఈ దశకూ తరువాతి దశకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. అప్పుడు విదేశీ రుణం, యంత్రం వచ్చినా బొగ్గు ధరను ప్రభుత్వమే నిర్ణయించేది. గనుల్లో కార్మికుల సంఖ్య పెరుగుతూ వచ్చింది. ప్రపంచంతో సంబంధం ఉన్నా దాని కుదుపులు గని కార్మికుడికి నేరుగా తగలకుండా ప్రభుత్వం మధ్యలో నిలబడింది. ఈ ఏర్పాటుకు ఖర్చూ ఉంది. ప్రభుత్వం నిర్ణయించిన ధర తవ్వకం ఖర్చుకు సరిపోనప్పుడు ఆ నష్టం సంస్థ లెక్కల్లో పేరుకుపోయింది.

12.4 1991 తరువాత వచ్చిన మార్పులు

1991లో విదేశీ మారక ద్రవ్య సంక్షోభం వచ్చింది. జూలై మొదటి వారంలో రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించారు. అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు 1957 నుంచి 1977 వరకు శాసనసభలో మంథని నియోజకవర్గానికి ప్రాతినిధ్యం వహించినవారు. మంథని నేడు గోదావరిఖని ఉన్న పెద్దపల్లి జిల్లాలోనే ఉంది. సంస్కరణల ప్రభావం ఈ ప్రాంతాన్ని మూడు దారుల్లో చేరింది.

12.4.1 ధర

1990 దశకంలో సింగరేణి తీవ్ర నష్టాల్లో పడింది. 1992లో ఒకసారి, 1996లో మరోసారి ఖాయిలా పరిశ్రమల వ్యవహారాలు చూసే బీఐఎఫ్‌ఆర్ ముందుకు వెళ్లింది. చాలని ధర, పాత అప్పుల వడ్డీ, ఏడాదికి వందలకొద్దీ జరిగిన సమ్మెలు దీనికి కారణాలుగా చెబుతారు. వీటిలో ఏ కారణానికి ఎంత బరువు ఇవ్వాలనే విషయంలో యాజమాన్యానికీ కార్మిక సంఘాలకూ ఏకాభిప్రాయం లేదు. ప్రభుత్వ సాయం, పొదుపు చర్యలు, కార్మిక సంఘాలతో ఒప్పందాలతో సంస్థ కోలుకుంది. గుర్తింపు సంఘాన్ని రహస్య ఓటింగు ద్వారా ఎన్నుకునే పద్ధతి 1998లో మొదలైంది. 2000 జనవరి 1 నుంచి బొగ్గు ధరపై కేంద్ర నియంత్రణ తొలగింది.

మరోవైపు 1993 నుంచి బొగ్గును స్వేచ్ఛగా దిగుమతి చేసుకునే వీలు కలిగింది. ఇండోనేషియా బొగ్గు ఓడలో కృష్ణపట్నం రేవుకు చేరుతుంది. గోదావరిఖని బొగ్గు అక్కడికి వెళ్లాలంటే గని ఖర్చుకు రైలు కిరాయి కూడా కలవాలి. తీరంలోని కొనుగోలుదారు ఈ రెండు ధరలనూ పోల్చుకుంటాడు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వల్ల అంతర్జాతీయ ధరలు విపరీతంగా పెరిగినప్పుడు ఈ పోలిక తలకిందులై, దేశీయ బొగ్గుకు గిరాకీ పెరిగింది. గోదావరిఖని బొగ్గు దేశం దాటకపోయినా, దాని విలువను దేశం బయటి ధరతో పోల్చి చూసే పరిస్థితి వచ్చింది. పరిచయంలో వేసుకున్న ప్రశ్నకు మొదటి జవాబు ఇది.

12.4.2 యంత్రం, ఉపాధి

పోటీలో నిలవాలంటే టన్నుకు అయ్యే ఖర్చు తగ్గాలి. అందుకు సంస్థ ఎంచుకున్న ప్రధాన మార్గం ఓపెన్‌కాస్ట్. షావెల్, డంపర్, డ్రాగ్‌లైన్‌లతో పైనుంచి తవ్వుకుంటూ పోయే ఈ పద్ధతిలో ఖర్చు తక్కువ, ఉత్పత్తి ఎక్కువ. భూగర్భంలో కూడా తట్ట, చెమ్మస్ స్థానంలో యంత్రాలు వచ్చాయి. 2014లో అడ్రియాల గనిలో విదేశాల నుంచి తెప్పించిన లాంగ్‌వాల్ యంత్రాలతో ఉత్పత్తి ప్రారంభమైంది.

కింది పట్టిక చూడండి.

1990–91: ఉత్పత్తి సుమారు 1.8 కోట్ల టన్నులు. ఉద్యోగులు లక్షకు పైగా.
2023–24: ఉత్పత్తి సుమారు 7 కోట్ల టన్నులు, ఉద్యోగులు సుమారు 40 వేలు.

ఉత్పత్తి దాదాపు నాలుగు రెట్లయింది. ఉద్యోగుల సంఖ్య సగానికన్నా బాగా తగ్గింది. నేటి ఉత్పత్తిలో సుమారు తొమ్మిది పాళ్లు ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది. ఈ అంకెలను చూసి ఒక్కో కార్మికుడి ఉత్పాదకత పదింతలు పెరిగిందని రాయకండి. రెండో వరుసలోని ఉద్యోగుల లెక్కలో కాంట్రాక్టు కార్మికులు లేరు. మట్టి తీయడం, రవాణా, పారిశుద్ధ్యం వంటి పనులు చేసే వేల మంది ఆ లెక్క బయటే ఉన్నారు. గణాంకాలను చదివేటప్పుడు ఎవరిని లెక్కించారో, ఎవరిని వదిలేశారో చూడటం చరిత్ర విద్యార్థికి తప్పనిసరి.

సంస్థ లాభాల్లో వాటా పంచే పద్ధతి సింగరేణికి పేరు తెచ్చింది. 2024లో లాభాల్లో 33 శాతం వాటాను కార్మికులకు ప్రకటించారు. పర్మినెంటు కార్మికుడికి సగటున సుమారు 1.9 లక్షల రూపాయలు వచ్చాయి. కాంట్రాక్టు కార్మికులకు అదే ఏడాది మొదటిసారిగా ఒక్కొక్కరికి 5,000 రూపాయలు ప్రకటించారు. ఒకే గని మీద ఆధారపడిన రెండు కుటుంబాల మధ్య ఇంత దూరం ఉంది. 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు వేతనాల పెంపు కోసం చేసిన సమ్మెను ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి.

అలాగని పాత పద్ధతిని గొప్పచేసి చూడనవసరం లేదు. భూగర్భ గనిపని ప్రాణాంతకమైనది. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది మరణించారు. చెమ్మస్ పోవడం వల్ల శరీరకష్టం తగ్గింది. కానీ చెమ్మస్ పట్టిన చేతికి బదులుగా ఏ పని దొరికిందన్నదే అసలు ప్రశ్న. తండ్రి పర్మినెంటు కార్మికుడైన ఇంట్లో కొడుకు కాంట్రాక్టు పనికో, హైదరాబాద్‌కో, గల్ఫ్‌కో వెళ్లడం ఈ ప్రాంతంలో మీరు చూసే ఉంటారు.

12.4.3 యాజమాన్యం

దేశంలో బొగ్గు తవ్వకంపై ప్రభుత్వ సంస్థల ఆధిపత్యాన్ని అంచెలంచెలుగా సడలించారు. 1993లో సొంత అవసరాలకు తవ్వుకునే పరిశ్రమలకు బ్లాకులు కేటాయించే వీలు కల్పించారు. ఆ కేటాయింపుల్లో 204 బ్లాకులను 2014లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. 2019లో బొగ్గు రంగంలో 100 శాతం విదేశీ పెట్టుబడిని అనుమతించారు. 2020లో వాణిజ్య గనుల వేలం మొదలైంది. తెలంగాణలోని నాలుగు బ్లాకులను వేలంలో చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ 2021 డిసెంబరు 9 నుంచి మూడు రోజులు సింగరేణి కార్మికులు సమ్మె చేశారు.

వేలం వల్ల పోటీ, పారదర్శకత పెరిగి ప్రభుత్వానికి ఆదాయం వస్తుందని సమర్థకుల వాదన. కొత్త బ్లాకులు దక్కకపోతే పాత గనులు అయిపోయేకొద్దీ సింగరేణి తనంతట తానే కుంచించుకుపోతుందని కార్మిక సంఘాల వాదన. సంస్థను అమ్మకపోయినా, దాని రేపటి బొగ్గు ఎవరిదన్న ప్రశ్న ఇప్పటికే బజారులోకి వచ్చింది.

12.5 మూతపడి తెరుచుకున్న కర్మాగారం

ఈ ప్రాంతంలో ప్రపంచీకరణను ఒక్క ఉదాహరణతో చెప్పమంటే ఎరువుల కర్మాగారాన్ని చూపవచ్చు. బొగ్గు నుంచి యూరియా తయారుచేసేందుకు భారత ఎరువుల సంస్థ, అంటే ఎఫ్‌సీఐ, రామగుండంలో కట్టిన కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. పక్కనే బొగ్గు, పక్కనే నీరు, చుట్టూ వ్యవసాయం. స్వావలంబన ఆలోచనకు ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. కానీ సాంకేతిక సమస్యలు, విద్యుత్ అంతరాయాలు, నష్టాలు దానిని వెంటాడాయి. 1999లో అది మూతపడింది. దాని ఉద్యోగుల కాలనీ, దాన్ని నమ్ముకున్న చిన్న వ్యాపారాలు కళ తప్పాయి.

అదే స్థలంలో రామగుండం ఫర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ లిమిటెడ్ పేరుతో కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి ప్రారంభించింది. ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా దీని సామర్థ్యం. అయితే దీని ముడిసరుకు బొగ్గు కాదు, పైపులైను ద్వారా వచ్చే సహజవాయువు. మన దేశపు యూరియా కర్మాగారాలు వాడే వాయువులో విదేశాల నుంచి ఓడల్లో వచ్చే ద్రవీకృత వాయువు పాలు ఎక్కువ. కర్మాగారం సాంకేతికత, వాటాలలో కొంత డెన్మార్క్‌కు చెందినవి.

దీని అర్థం ఏమిటి? రైతుకు యూరియా అందింది, ఊరికి కొంత ఉపాధి తిరిగి వచ్చింది. ఇది మేలే. కానీ బొగ్గు మీద కూర్చున్న కర్మాగారం సముద్రం అవతలి వాయువు ధర మీద ఆధారపడవలసి వచ్చింది. ఆ ధర పెరిగినప్పుడు రైతుపై భారం పడకుండా ప్రభుత్వం సబ్సిడీ భరిస్తుంది. ఇక్కడ ప్రభుత్వం తప్పుకోలేదు, ప్రపంచ మార్కెట్‌కూ రైతుకూ మధ్య నిలబడింది. ప్రపంచీకరణ అంటే ప్రభుత్వం మాయమవడమని కొందరు రాస్తారు. ఎవరిని కాపాడాలో, ఎవరిని వదిలేయాలో ప్రభుత్వం ఎంచుకుంటుందని చెప్పడం మరింత సరైనది.

12.6 నేల, నీరు, గాలి

ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు పొరను చేరాలంటే దానిపై ఉన్న మట్టిని, రాతిని మొత్తం తీయాలి. ఆ మట్టి గుట్టలుగా పేరుకుంటుంది. గోదావరిఖని చుట్టూ మీకు కనిపించే చెట్టూచేమా తక్కువైన కొండల్లో చాలావరకు ప్రకృతి చేసినవి కావు. తవ్విన గొయ్యి భూగర్భజల మట్టం కన్నా లోతుకు పోయినప్పుడు చుట్టుపక్కల నీరు అందులోకి ఊరుతుంది. దాన్ని తోడిపోస్తారు. ఫలితంగా పక్క ఊళ్ల బావులు, బోర్లు ఎండుతాయి. బ్లాస్టింగ్ అదురుకు గోడలు బీటలు వారుతున్నాయని, దుమ్ము పంటలపై పడుతోందని గని అంచు పల్లెల ప్రజలు ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. భూమి కోల్పోయిన రైతుకు నష్టపరిహారం వస్తుంది. ఆ భూమిలో కూలికి పోయినవారికి చాలాసార్లు ఏమీ రాదు.

బొగ్గు కాల్చినప్పుడు మిగిలే బూడిద మరో భారం. మన బొగ్గులో మూడో వంతు, అంతకు మించి బూడిదే. కరెంటు తీగల మీద బెంగళూరుకో, చెన్నైకో పోతుంది. బూడిద ఇక్కడి చెరువుల్లోనే మిగులుతుంది. రాబడి, భారం గురించి మొదట వేసుకున్న ప్రశ్నలకు ఇంత సూటి జవాబు మరోచోట దొరకదు.

వాతావరణ మార్పుపై ప్రపంచ చర్చ కూడా ఇక్కడికి పన్ను రూపంలో వచ్చింది. 2010లో కేంద్రం టన్ను బొగ్గుపై 50 రూపాయల స్వచ్ఛ ఇంధన సెస్సు విధించింది. 2016 నాటికి అది 400 రూపాయలైంది. 2017లో జీఎస్టీ రావడంతో ఆ సొమ్ము రాష్ట్రాల ఆదాయ నష్టాన్ని పూడ్చే పరిహార సెస్సుగా మారింది. పర్యావరణం పేరుతో మొదలైన వసూలు మరో అవసరానికి మళ్లింది. బొగ్గు పట్టణాలను భవిష్యత్తుకు సిద్ధం చేయడానికి పనికివచ్చే ఒక నిధి ఆ విధంగా చేజారింది.

12.7 బొగ్గు తరువాత?

2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో బొగ్గు వాడకాన్ని క్రమంగా తగ్గించాలని దేశాలు అంగీకరించాయి. 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు సాధిస్తామని భారత్ ప్రకటించింది. 2022లో రామగుండం ఎన్టీపీసీ జలాశయంపై 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం పూర్తయింది. మరుసటి ఏడాది అదే రామగుండంలో 800 మెగావాట్ల కొత్త బొగ్గు యూనిట్ ప్రారంభమైంది. 2024లో పాత 62.5 మెగావాట్ల కేంద్రం మూతపడింది. మూడేళ్లలో మూడు దిక్కులకు అడుగులు పడ్డాయి. మార్పు రేపే రాదు, కానీ వస్తుంది.

ఇతర దేశాల అనుభవం చూద్దాం. బ్రిటన్‌లో 1984–85 సమ్మె ఓడిపోయిన తరువాత గనులు వేగంగా మూతపడ్డాయి. చాలా గని ఊళ్లు నిరుద్యోగంలో మునిగాయి. జర్మనీలోని రూర్ ప్రాంతంలో దశాబ్దాల పాటు ముందస్తు పింఛన్లు, శిక్షణ, విశ్వవిద్యాలయాల స్థాపనతో క్రమంగా మూసివేశారు. చివరి నల్లబొగ్గు గని 2018లో మూతపడింది. అయితే ఆ తరువాత కూడా జర్మనీ విదేశీ బొగ్గును దిగుమతి చేసుకుని కాల్చింది. గని మూసినంత మాత్రాన బొగ్గు వాడకం ఆగదని, భారం మరో దేశపు గని ఊరికి మారవచ్చని ఇది చెబుతోంది.

మనకు దగ్గరి ఉదాహరణలూ ఉన్నాయి. ఒకప్పుడు గనులతో కళకళలాడిన ఇల్లందు, బెల్లంపల్లి భూగర్భ గనులు మూతపడేకొద్దీ ప్రాధాన్యం కోల్పోయాయి. అప్పుడు కార్మికులకు కొత్త గనులున్న ఊళ్లకు బదిలీ అయ్యే అవకాశమైనా ఉంది. బొగ్గు యుగమే ముగిస్తే బదిలీకి మరో ఊరు ఉండదు. కాంట్రాక్టు కార్మికుడికి, గని గేటు ముందు టీకొట్టు పెట్టుకున్నవారికి ఆ బదిలీ కూడా ఎప్పుడూ లేదు.

చట్టంలో కొన్ని సాధనాలున్నాయి. గని మూసివేత ప్రణాళిక తప్పనిసరి. అందుకోసం సంస్థ ప్రత్యేక ఖాతాలో సొమ్ము జమచేయాలి. 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. కొత్త గనికి, విస్తరణకు ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణలో పర్యావరణ నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. ఇవి వాడేవారు ఉంటేనే పనిచేస్తాయి. మీ మండలంలో అలాంటి సభ జరిగితే ఆ తెలుగు సారాంశాన్ని అడిగి చదవండి. నీటి మట్టం గురించి, మూసివేత తరువాత నేల గురించి అందులో ఏం రాశారో చూడండి.

12.8 సారాంశం

గోదావరిఖనికి ప్రపంచంతో సంబంధం కొత్తది కాదు. వలసపాలన కాలంలో అది లండన్ పెట్టుబడి రూపంలో, స్వావలంబన కాలంలో విదేశీ రుణం, యంత్రం రూపంలో, 1991 తరువాత ధర, పోటీ, నియమాల రూపంలో వచ్చింది. మారినది ఆ సంబంధపు కుదుపులను ఎవరు భరిస్తారన్నది. సంస్థ లాభాల్లోకి వచ్చింది, ఉత్పత్తి పెరిగింది, కష్టమైన చేతిపని తగ్గింది. అదే సమయంలో పర్మినెంటు ఉపాధి కుంచించుకుపోయింది, కాంట్రాక్టు పని పెరిగింది, నేలకూ నీటికీ నష్టం జరిగింది. ప్రభుత్వ యాజమాన్యం ఈ మార్పులను ఆపలేదు. కానీ లాభాల వాటా, వేతన ఒప్పందం, ప్రజలకు జవాబు చెప్పవలసిన బాధ్యత వంటివి మిగిల్చింది. వాటిని కాంట్రాక్టు కార్మికుడి దాకా, గని అంచు పల్లె దాకా విస్తరించగలమా అన్నదానిపైనే బొగ్గు తరువాతి గోదావరిఖని ఎలా ఉంటుందన్నది ఆధారపడి ఉంటుంది.

12.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ప్రైవేటీకరణ జరగకుండానే ప్రపంచీకరణ ప్రభావం ఉంటుందని సింగరేణి ఉదాహరణతో చర్చించండి.
2. 1991 తరువాత గోదావరిఖని ప్రాంతంలో ఉపాధి, పర్యావరణ రంగాల్లో వచ్చిన మార్పులను విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. రామగుండం ఎరువుల కర్మాగారం మూసివేత, పునఃప్రారంభాల నుంచి ఏం గ్రహించవచ్చు?
2. రూర్, బ్రిటన్ అనుభవాలను ఇల్లందు, బెల్లంపల్లి అనుభవాలతో పోల్చండి.

III. అభ్యాసం
మీ ఇంట్లోనో, వాడలోనో ఉన్న ఇద్దరితో మాట్లాడండి. ఒకరు రిటైరైన గని కార్మికులు, మరొకరు నేటి కాంట్రాక్టు కార్మికులు కావాలి. పని గంటలు, వేతనం, వైద్యం, ఇల్లు అనే నాలుగు అంశాల్లో తేడాలను పేర్లు రాయకుండా ఒక పట్టికగా తయారుచేయండి. ఆ పట్టికను పాఠంలోని అంకెలతో కలిపి చదివి, అంకెల్లో కనిపించని విషయం ఒకటైనా గుర్తించండి.